ప్లేఆఫ్స్‌కి ఎంఎల్‌బీ యాప్: నా ఓటు వీడియోకి కాదు, రేడియోకే

మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టుకి 162 మ్యాచ్‌లు, కాబట్టి ఒకటి చూడకపోయినా కొంప మునగదు, మర్నాడు ఇంకొకటి ఉంటుంది. అక్టోబర్‌లో, అంటే టైటిల్ ఎవరిదో తేల్చే ప్లేఆఫ్స్‌లో, అలా కుదరదు. 2022 నుంచి ప్లేఆఫ్స్‌కి 12 జట్లు వెళ్తున్నాయి, వాటిలో తొలిదైన వైల్డ్ కార్డ్ రౌండ్‌లో మూడు మ్యాచ్‌లే, రెండు ఓడితే ఆరు నెలల కష్టం రెండు రోజుల్లో అయిపోయినట్టే. అందుకే ఈ నెలలో ఏ యాప్‌తో ఫాలో అవుతున్నామన్నది చిన్న విషయం కాదు. ఎంఎల్‌బీ అధికారిక యాప్‌లో ప్లేఆఫ్స్ కోసం డబ్బు పెట్టదగ్గది ఏదంటే, నా మటుకు నాకు రేడియో వ్యాఖ్యానం వినిపించే ఆడియో సబ్‌స్క్రిప్షనే. దానికి తోడు ఉచితంగా వచ్చే గేమ్‌డే ఉంటే చాలు.

వీడియో సంగతి త్వరగా చెప్పేస్తాను. యాప్‌లోని వీడియో ప్యాకేజీ ఎంఎల్‌బీ టీవీ రెగ్యులర్ సీజన్‌కి మంచిదే, కానీ ప్లేఆఫ్స్ ప్రసార హక్కులు పెద్ద ఛానళ్ల దగ్గర ఉంటాయి కాబట్టి అమెరికాలో ఉన్నవాళ్లు ఇందులో లైవ్ చూడాలంటే కేబుల్ లాంటి టీవీ సర్వీస్ లాగిన్ కూడా ఇవ్వాలి. అది ఎలాగూ ఉన్నప్పుడు టీవీలోనే చూసుకోవచ్చు కదా. కేవలం అక్టోబర్ కోసం కొనాలనుకునేవాళ్లు ముందు నిబంధనలు పూర్తిగా చదవండి. ఇప్పటికే ఎంఎల్‌బీ టీవీ ఉన్నవాళ్లకి మాత్రం ఆడియో అందులోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు.

గేమ్‌డే అంటే బంతి బంతికీ మారే స్కోర్‌బోర్డు. స్క్రీన్ మీద స్ట్రైక్ జోన్, అంటే బ్యాటర్ కొట్టదగ్గ బంతి వెళ్లే చోటు, ఒక పెట్టెలా కనిపిస్తుంది, పిచర్ వేసిన ప్రతి బంతీ అది దాటిన చోట నంబరుతో ఒక చుక్కగా పడుతుంది, స్ట్రైక్ (బ్యాటర్‌కి వ్యతిరేకంగా లెక్కపడేది) అయితే ఎరుపు, బాల్ (జోన్ బయట పడి బ్యాటర్ వదిలేసింది) అయితే ఆకుపచ్చ, బ్యాట్‌కి తగిలి ఆటలోకి వెళ్తే నీలం. పక్కనే ఆ బంతి ఫాస్ట్‌బాలా స్లైడరా (పక్కకి వంగేది), ఎంత వేగం అన్నది. నాలుగైదు బంతులు పడేసరికి పిచర్ ఎక్కడ వేయాలనుకుంటున్నాడో మనకే అర్థమవుతూ ఉంటుంది, బయటి మూలకే వేస్తూ వేస్తూ ఒక్కసారి లోపలికి వేశాడంటే అది ఎందుకో టీవీ కామెంటరీ కంటే ఆ చుక్కలే బాగా చెప్తాయి. బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్లు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు, పైగా ఉచితం.

అయితే గేమ్‌డేకి ఫీల్డింగ్ కనపడదు. 2025 వరల్డ్ సిరీస్ (ఎంఎల్‌బీ ఫైనల్) ఏడో మ్యాచ్ తీసుకోండి, టొరంటోలో, అక్కడి బ్లూ జేస్‌కీ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కీ. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ 4-3తో వెనకబడి ఉన్నారు, ఒకరు ఔట్, అప్పుడు మిగెల్ రోహాస్ ఫుల్ కౌంట్‌లో (మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్) బ్లూ జేస్ పిచర్ హాఫ్‌మన్ వేసిన స్లైడర్‌ని హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. ఆ ఇన్నింగ్స్ రెండో సగంలో బ్లూ జేస్‌కి మూడు బేస్‌లూ రన్నర్లతో నిండాయి, ఒక్క పరుగు చాలు కప్పు వాళ్లదే, బంతి వేస్తున్నది ముందురోజే 96 బంతులు వేసిన డాడ్జర్స్ పిచర్ యమమోటో. ఎర్నీ క్లెమెంట్ గాల్లోకి లేపిన బంతిని డాడ్జర్స్ ఫీల్డర్ ఆండీ పాహెస్ పరిగెత్తుకుంటూ వచ్చి తన జట్టువాడే అయిన కికే హెర్నాండెస్‌ని గుద్దుకుని మరీ పట్టుకున్నాడు. గేమ్‌డే లెక్కలో అది సెంటర్ ఫీల్డర్‌కి క్యాచ్, ఔట్, ఒక్క లైను. ఆ గుద్దుకోవడం, ఎవరు పట్టారో తెలియని ఆ రెండు సెకన్ల టెన్షన్, ఇవన్నీ తెలియాలంటే నోటితో చెప్పే మనిషి ఉండాల్సిందే. చివరికి 11వ ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ హోమ్ రన్‌తో డాడ్జర్స్ 5-4తో గెలిచారు.

అందుకే ఆడియో. ధర ఎంఎల్‌బీ టీవీ కంటే చాలా తక్కువ, ప్లేఆఫ్స్‌లో కూడా రెండు జట్ల సొంత రేడియో వ్యాఖ్యానాలూ వస్తాయి, ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. జాతీయ ఛానల్‌లో మాట్లాడేవాళ్లు రెండు జట్లకీ సమానంగా మాట్లాడాలి, తప్పదు. సొంత ఊరి రేడియోవాళ్లు మాత్రం ఆ జట్టుని ఏడాది పొడుగునా రోజూ చూసినవాళ్లు, బుల్‌పెన్‌లో (మార్పు పిచర్లు సిద్ధమయ్యే చోట) ఎవరు లేచి చేతులు విదిలిస్తున్నాడో, అతను నిన్న ఎన్ని బంతులు వేశాడో వాళ్లకి నోటికి వచ్చు. జట్టు ఓడిపోతుంటే ఆ గొంతు బరువెక్కడం మనకి వినిపిస్తుంది.

ఇంకో సంగతి, తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక కూడా సమంగా ఉంటే ఆడే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద రన్నర్‌ని పెట్టి మొదలుపెట్టే పద్ధతి ప్లేఆఫ్స్‌లో లేదు, తేలేదాకా ఆడాల్సిందే. అదే 2025 వరల్డ్ సిరీస్‌లో మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్, 6 గంటల 39 నిమిషాలు సాగి ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో తేలింది, అప్పటికి తూర్పు తీరంలో తెల్లవారుజాము మూడు కావస్తోంది. అంతసేపు స్క్రీన్‌కి కళ్లప్పగించి కూర్చోవడం ఎవరివల్లా కాదు. చెవిలో రేడియో పెట్టుకుని కళ్లు మూసుకునైనా వినొచ్చు.

లోపం లేదా అంటే ఉంది. ఏ స్ట్రీమింగ్‌కైనా ఉన్నట్టే దీనికీ ఆలస్యం ఉంటుంది, గేమ్‌డే చుక్క ముందు పడుతుంది, మాట తర్వాత వస్తుంది. బేస్‌లు నిండి ఉన్నప్పుడు నీలం చుక్క కనపడి, అది క్యాచా హోమ్ రనా అని గొంతు కోసం ఎదురుచూడటం గుండెకి మంచిది కాదు. ముఖ్యమైన ఇన్నింగ్స్‌లో ఫోన్ బోర్లించి ఉత్త రేడియో వినండి, మిగతా సమయంలో రెండూ కలిపి పెట్టుకోండి. నోటిఫికేషన్లు మాత్రం మ్యాచ్‌కి ముందే ఆపేయండి, అవి రేడియో కంటే ముందే ఫలితం చెప్పేస్తాయి. మర్నాడు హైలైట్స్ చూసేవాళ్లకి స్కోర్లు దాచే సెట్టింగ్ యాప్‌లోనే ఉంది, అది ఆన్ చేసుకోండి.

మీ జట్టు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటే, ఏ ఊళ్లో మ్యాచ్ జరుగుతుందో ఆ ఊరి వ్యాఖ్యానం పెట్టి చూడండి. మూడో ఇన్నింగ్స్‌కల్లా మీకూ ఒక పక్షం ఏర్పడుతుంది.