సీతాకోకచిలుకల కిట్ కొనడమా, చెట్టు మీది పురుగునే పెంచడమా?

గొంగళి పురుగుల్ని మేతతో సహా డబ్బాలో పెట్టి అమ్మే కిట్‌లో ఉన్న సుఖం ఒక్కటే, టెన్షన్ ఉండదు. డబ్బాలోనే మేత ఉంటుంది, రోజూ ఆకులు వెతికే పని లేదు, రెక్కలు ఎప్పుడొస్తాయో కాస్త అటూఇటూగా ముందే తెలుస్తుంది కాబట్టి నాలుగేళ్ల పిల్లలకి ఓపిక నశించేలోపే పని అయిపోతుంది. కానీ అది ఎక్కడో పెంచిన పురుగు. మీ ప్రాంతంలో లేని జాతైతే బయట వదలకూడదు, జబ్బులు కూడా అంటించొచ్చు.

నా ఓటు మాత్రం చెట్టు మీది పురుగుకే. నిమ్మ మొక్క మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగు పెద్దయ్యాక పచ్చగా మారుతుంది, వేలితో తాకితే తల వెనక నుంచి నాలుకలాంటి కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది, పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి! ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకులే రోజూ తాజాగా వేయాలి, మందు కొట్టినవి అసలు వద్దు. ఒళ్లంతా వెంట్రుకలున్న పురుగుని ముట్టుకోనివ్వకండి, దురద పెడుతుంది. ఇంకో చిక్కు, కొన్నిసార్లు ప్యూపా (పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే గూడు దశ) నుంచి సీతాకోకచిలుకకి బదులు కందిరీగ జాతి పరాన్నజీవి వస్తుంది. పిల్లలు ఏడుస్తారు, ముందే చెప్పి ఉంచండి.

రెండింట్లోనూ సీతాకోకచిలుక వేలాడి రెక్కలు చాపుకునేంత ఎత్తైన వల పంజరం కావాలి. ప్యూపా నుంచి బయటికొచ్చాక కారే ఎర్రటి చుక్కలు రక్తం కాదు. మీ ప్రాంతపు జాతైతే, రెక్కలు గట్టిపడటానికి కొన్ని గంటలు ఆగి, వాన లేని వెచ్చటి పగటిపూట వదలండి.