రాక్షసుల కళ్లలో అంకెలు: ‘డీమన్ స్లేయర్’ 23 సంపుటాల పెట్టె, అందులోని వీరుల వరుస

ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు అడిగిన మీదట భీష్ముడు ఇరుపక్షాల వీరులను రథులు, అతిరథులు అని లెక్కగట్టుతూ వచ్చి, కర్ణుని దగ్గర ఆగి, అతడు అర్ధరథుడు మాత్రమేనని తేల్చివేశాడు. ఆ ఒక్క మాటకు కర్ణుడు, భీష్ముడు బతికి ఉన్నంతకాలం యుద్ధం చేయనని భీష్మించుకు కూర్చున్నాడు. వీరులకు వరుస కట్టడం ఇంత తలనొప్పి వ్యవహారమని తెలిసి కూడా పోరాట కథలు చదివేవారు ఆ పని మానుకోలేరు. జపాన్ కామిక్ ‘డీమన్ స్లేయర్’ విషయంలో ఈ ఉబలాటం మరీ ఎక్కువ, ఎందుకంటే ఇందులో వరుస కట్టే పనిని కథలోని ప్రతినాయకుడే మొదలుపెట్టి, తన అనుచరుల కళ్లలో అంకెలు చెక్కి మరీ మన ముందు నిలబెట్టాడు. ఆ వరుస ఎంతవరకు నిలుస్తుందో చూడాలనే ఉద్దేశంతోనే విజ్ మీడియా ప్రచురించిన ఆంగ్లానువాదం పూర్తి సెట్టును మొదటి నుంచి చివరి వరకు చదివాను. కథలోని ముఖ్యమైన మరణాలు, మలుపులు ఈ సమీక్షలో దాచకుండా చెప్పవలసి వస్తుంది కనుక, ఇంకా చదవనివారు, చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.

గొతోగె కొయోహరు రాసి, గీసిన ఈ కథ 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే వరకు ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో వారం వారం వచ్చింది. మొత్తం 205 అధ్యాయాలు 23 సంపుటాలుగా వెలువడ్డాయి. వాటన్నిటినీ ఒక అట్టపెట్టెలో అమర్చి, రెండు వైపులా బొమ్మలున్న పోస్టరును, ఒక చిన్న పుస్తకాన్ని జతచేశారు. పోస్టరు గోడకు పనికివస్తుంది, అంతకు మించి దాని గురించి చెప్పేదేమీ లేదు. లోపలి పేజీలన్నీ నలుపు తెలుపు. జపాన్ పద్ధతిలోనే కుడి నుంచి ఎడమకు చదవాలి గనుక కొత్తవారికి మొదటి సంపుటంలో సగం దాకా కన్ను తడబడుతుంది. తెలుగులో ఈ పుస్తకాలు అచ్చులో దొరకవు. 2025 సెప్టెంబరులో ‘ఇన్ఫినిటీ కాజిల్’ సినిమాను తెలుగు డబ్బింగుతో చూసి, తరువాత ఏమవుతుందో తెలుసుకోవాలనుకునేవారు ఆంగ్లాన్నే ఆశ్రయించాలి. ఇందులోని ఆంగ్లం ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా అడ్డుపడనంత తేలికగా ఉంది.

కథ తైషో కాలపు జపానులో, అంటే 1912 నుంచి 1926 వరకు సాగిన కాలంలో జరుగుతుంది. బొగ్గులమ్ముకునే తంజిరో ఒకరోజు ఇల్లు చేరేసరికి కుటుంబమంతా రాక్షసుని చేతిలో హతమై ఉంటుంది. ప్రాణాలతో మిగిలిన చెల్లెలు నెజుకో తానే రాక్షసిగా మారుతుంది. రాక్షసులకు మూలపురుషుడు వెయ్యేళ్లకు పైబడి బతికిన ముజాన్. అతని కింద పన్నెండు మంది మేటి రాక్షసులు, ఆరుగురు పై శ్రేణి, ఆరుగురు కింది శ్రేణి. ఇటు మనుషుల పక్షాన హషీరాలనే తొమ్మిది మంది అగ్రశ్రేణి ఖడ్గధారులు ఉంటారు. ఊపిరిని అదుపు చేసి బలం తెచ్చుకునే ‘శ్వాస’ పద్ధతులే వారి విద్య. సూర్యకాంతిని పీల్చుకున్న ఉక్కుతో చేసిన కత్తితో మెడ నరికితే తప్ప రాక్షసుడు చావడు, లేదా తెల్లవారాలి.

ఈ నియమంలోనే వరుస కట్టేవారికి అసలు చిక్కు ఉంది. రాక్షసుడు అలసిపోడు, తెగిన చెయ్యి క్షణంలో మొలుస్తుంది. మనిషికి ఊపిరి ఒకటే, రక్తం కారితే కారినంతే. అందువల్ల ఇద్దరినీ ఒకే నిచ్చెన మీద నిలబెట్టాలంటే ముందు కొలబద్ద ఏమిటో ఒప్పుకోవాలి. భీష్ముడు కర్ణుని విలువ తగ్గించినప్పుడు కూడా అతని చేతి వాటాన్ని కాదనలేదు, పోయిన కవచకుండలాలను, నెత్తిన ఉన్న శాపాన్ని లెక్కలోకి తీసుకున్నాడు. నేను ఇక్కడ అదే పద్ధతి పాటిస్తున్నాను: ఎవరు ఎవరి ఎదుట ఎంతసేపు నిలిచారు, ఏ సాయంతో నిలిచారు, ఓడినవారు దేనివల్ల ఓడారు అన్నవే నాకు ముఖ్యం.

మొదటి స్థానం గురించి వాదన అక్కరలేదు. ఖడ్గధారి యోరిఇచి కథాకాలానికి కొన్ని వందల ఏళ్ల ముందే చనిపోయినవాడు, అయినా 23 సంపుటాలలో అతనికి సాటి వచ్చేవారు ఒక్కరూ లేరు. ముజాన్‌కు ఏడు గుండెలు, ఐదు మెదళ్లు ఉన్నాయని ఒక్కచూపులో కనిపెట్టి, వాటన్నిటినీ తాకేలా ఒకదాని వెంట ఒకటిగా దెబ్బలు వేసినవాడు ఇతడొక్కడే. ప్రాణభయంతో ముజాన్ తన శరీరాన్ని 1,800 ముక్కలుగా పేల్చుకుని పారిపోగా, అందులో 1,500 ముక్కలను అక్కడికక్కడే నరికేశాడు. ఆ కత్తిగాట్లు వందల ఏళ్ల తరువాత కూడా ముజాన్ ఒంట్లో మండుతూనే ఉన్నాయని చదివినప్పుడు, రాక్షసరాజు ఇన్ని తరాలుగా దాక్కుని తిరగడానికి కారణం వేరే వెతకనక్కరలేదు. చెప్పుకోదగ్గ సంగతి ఏమిటంటే, తనను తాను గొప్పవాడిననుకోవడం ఇతనికి అసలు చేతకాదు. భార్యను, పుట్టబోయే బిడ్డను కాపాడుకోలేకపోయానన్న బాధే అతనిలో మిగిలింది. 21వ సంపుటం చివర వచ్చే ఈ ఉదంతాన్ని రచయిత ఎక్కడా హడావిడి లేకుండా, ఇంట్లో కూర్చుని చెప్పుకునే మాటల్లా నడిపిన తీరు మొత్తం పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగాలలో ఒకటి.

రెండో స్థానం ముజాన్‌ది. అయితే అతనికి ఆ స్థానం యుద్ధనైపుణ్యం వల్ల వచ్చింది కాదు. చేతులను కొరడాల్లా విసరడం తప్ప అతనికి వేరే విద్య లేదు, ఆ విసురు కంటికి ఆనదు, అంతే. చివరి పోరులో అతడు ఎదుర్కొన్నది కత్తుల కంటే ముందు, అతనికి ఎదురుతిరిగిన రాక్షసి తమాయో తయారుచేసిన మందును: అందులోని ఒక గుణం అతనిని నిమిషానికి యాభై ఏళ్ల చొప్పున ముసలివాణ్ణి చేస్తూ మొత్తం 9,000 ఏళ్ల వయసు మీద పడేలా చేసింది. అంత జరిగినా, హషీరాలు ఒకరి తరువాత ఒకరు నేలకొరుగుతూ ఉంటే అతడు నిలబడే ఉన్నాడు, చివరికి సూర్యుడు వచ్చి కాల్చవలసి వచ్చింది. ఇంత బలవంతుని ఆఖరి పోరాటం చిత్రణలో మాత్రం సెట్టులోకెల్లా బలహీనం. ఎవరు ఎటు ఉన్నారో, దెబ్బ ఎటు నుంచి వచ్చిందో తెలియని గీతల గందరగోళం 22వ సంపుటంలో చాలా పేజీలను ఆక్రమించింది. ఒక్కోచోట రెండు పేజీలు వెనక్కి తిప్పి చూసుకోవలసి వచ్చింది. ఆఖరున ముజాన్ తన శక్తినంతా తంజిరోకు ధారపోయగా అతడు ఎండకు కూడా చావని రాక్షసరాజుగా మారిన ఘట్టాన్ని లెక్కలోకి తీసుకుంటే వరుస తలకిందులవుతుందని కొందరు వాదిస్తారు. కొద్దిసేపే నిలిచిన ఆ రూపానికి స్థానం ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

మూడోవాడు కొకుషిబో, పై శ్రేణిలో మొదటివాడు, యోరిఇచికి కవల అన్న. ముఖాన ఆరు కళ్లు, మధ్య జంటలో అతని శ్రేణిని తెలిపే అక్షరాలు. తమ్ముడికి పుట్టుకతో వచ్చిన విద్య తనకు ఎంత సాధన చేసినా అందలేదన్న కడుపుమంటతో, బలాన్ని పెంచే మచ్చ ఒంటిమీద పొందిన ఖడ్గధారులు పాతికేళ్లు నిండకముందే పోతారని తెలిసి, రాక్షసుడై ఆయుష్షు కొనుక్కున్నవాడు. ఇతనిని పడగొట్టడానికి ముగ్గురు హషీరాలు గ్యోమేయి, సనెమి, ముయిచిరో, వారితో పాటు రాక్షసమాంసం తిని బలం తెచ్చుకునే గెన్యా కలిసికట్టుగా పోరాడవలసి వచ్చింది. వారిలో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పద్నాలుగేళ్ల ముయిచిరో ఇతని వంశంలోనివాడే కావడం విధి ఆడిన పరాచికం. తల తెగినా మళ్లీ మొలిపించుకోగలిగిన కొకుషిబో, సనెమి కత్తిలో తన వికృతరూపం చూసుకుని, నేను కావాలనుకున్నది ఇదేనా అని తనను తాను ప్రశ్నించుకున్న క్షణం నుంచి కూలిపోవడం మొదలవుతుంది. అంతకు పూర్వం, ఎనభై దాటిన ముసలి తమ్ముడు ఎదురుపడి ఒక్క వేటుతో తన మెడను దాదాపు తెంచి, రెండో వేటు వేసేలోపు నిలబడే ప్రాణం విడిచినప్పుడు, ఆ శవాన్ని కసితో నరికితే గుడ్డలోంచి బయటపడింది ఒక వెదురు పిల్లనగ్రోవి. చిన్నతనంలో తానే చెక్కి తమ్ముడికి ఇచ్చినది. రచయిత ఆ పిల్లనగ్రోవిని పెద్ద బొమ్మగా వేసి చూపించలేదు, చిన్న గడిలో రెండు ముక్కలై పడి ఉన్నట్లు గీసి ఊరుకున్నారు, అది చాలు.

నాలుగో స్థానం దగ్గర చాలామందితో నాకు పేచీ ఉంది. అంకెల ప్రకారం పై శ్రేణిలో రెండోవాడైన డోమాకు రావలసిన ఈ స్థానాన్ని నేను రాతి శ్వాస హషీరా హిమెజిమా గ్యోమేయికి ఇస్తున్నాను. చూపు లేని ఈ మనిషి ఆయుధం కత్తి కాదు. పొడుగాటి గొలుసుకు ఒక కొసన గొడ్డలి, మరో కొసన ముళ్ల ఇనుపగుండు ఉంటాయి. గొలుసు చేసే చప్పుడుతోనే చుట్టూ ఏముందో పసిగడతాడు. కొకుషిబో ఎదుట మిగిలినవారు గాయపడి పక్కకు తప్పుకున్న వేళ కొంతసేపు ఒంటరిగా నిలిచి, అతని కత్తిని విరగగొట్టి, మెచ్చుకోలు మాటలు పుట్టించినవాడు మనుషులలో ఇతడే. ఎప్పుడూ జపమాల తిప్పుతూ కన్నీళ్లు కార్చే ఈ భారీకాయుణ్ణి చూసి మెత్తని మనిషి అనుకుంటే పొరపాటే. ఒంటరిగా, తెల్లవార్లూ పోరాడితే డోమా ముందు ఇతడు అలసిపోవచ్చు, నిజమే. కానీ నా కొలబద్ద ఎవరి ఎదుట ఎంత నిలిచారన్నది.

డోమా సంగతి వేరు. ఇతడు నిజంగా ఎంత బలవంతుడో ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఏ పోరులోనూ ఒళ్లు వంచి పోరాడలేదు. చల్లని మంచుపొడి పీల్చితే ఎదుటివారి ఊపిరితిత్తులు గడ్డకట్టిపోతాయి గనుక శ్వాస మీద ఆధారపడే ఖడ్గధారులకు ఇతడు సహజ శత్రువు. అలాంటివాణ్ణి చంపింది మెడ నరికే బలం కూడా లేని హషీరా కోచో షినోబు. తన 37 కిలోల శరీరాన్ని ఏళ్ల తరబడి రాక్షసులను చంపే విస్టీరియా పూల విషంతో నింపుకుని, కావాలని అతనికి ఆహారమైంది. ప్రాణం తీయడానికి కావలసినదానికి 700 రెట్లు విషం అది. విషంతో కుంగిన అతని మెడను ఖడ్గధారులు కనావో, ఇనొసుకే నరకడం ఆ తరువాతి పని. బలం లెక్కలో షినోబుకు నా వరుసలో చోటు లేదు, ఆమె చేసిన పనిని మాత్రం పై వరుసలోని ఎవరూ చేయలేకపోయేవారు. ఈ ఒక్క ఘట్టం చాలు, కండబలంతో కట్టిన ఏ పట్టిక అయినా ఈ కథకు ఎందుకు ఇమడదో చెప్పడానికి.

అకాజా మూడో అంకెవాడైనా, చదివినంతసేపూ మనసు పట్టి ఉంచేది అతడే. రైలు ఘట్టంలో అగ్నిశ్వాస హషీరా రెంగోకును చంపినవాడు, ఆయుధం పట్టనివాడు, ఆడవారిని తాకనివాడు. అతడు పోరుకు సిద్ధపడగానే కాళ్ల కింద మంచుపూరేకుల ఆకారం విచ్చుకుంటుంది. ఎదుటివాని పోరాటపు తపనను అది దిక్సూచిలా పసిగడుతుంది. ఆ మంచుపూవు ఎక్కడిదో 18వ సంపుటంలో తెలుస్తుంది: మనిషిగా ఉన్నప్పుడు అతడు సేవ చేసిన రోగిష్టి పిల్ల, పెళ్లాడవలసిన కొయుకి తలలో పెట్టుకున్న పిన్ను ఆకారం అది. ఆమెను, గురువును పక్క వ్యాయామశాలవారు బావిలో విషం కలిపి చంపితే, వట్టి చేతులతో 67 మందిని చంపిన యువకుడు అతడు. తల తెగాక కూడా కొత్త తల మొలవబోతుండగా పాత జ్ఞాపకం వచ్చి తన దెబ్బను తనమీదే వేసుకున్నాడు. ఆ క్షణంలో ఆగకపోయి ఉంటే డోమాను దాటేవాడని నా అంచనా, అందుకే ఇద్దరినీ ఐదో స్థానంలో పక్కపక్కనే ఉంచుతున్నాను.

మిగిలినవారి గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. హషీరాలలో సనెమి, గియూ, మచ్చ వచ్చిన తరువాతి ముయిచిరో ఒక జట్టు. చివరి దశ తంజిరోను కూడా అందులోనే చేర్చాలి. గ్యూతరో, దాకి అన్నాచెల్లెళ్లు ఆరో అంకెవారైనా, ఇద్దరి తలలూ ఒకేసారి తెగాలన్న నియమం వల్ల తమ అంకెకు మించిన ఇబ్బంది పెట్టారు. వారి పతనంతో పై శ్రేణికి వందేళ్లకు పైగా లేని ఓటమి మొదలైంది. తరువాత ఆ ఖాళీలోకి వచ్చిన కైగాకుకు ఆ అంకె దక్కడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు, తంజిరో సహచరుడు జెనిత్సు తానే కనిపెట్టిన ఏడో ఎత్తుగడతో అతని పని ముగించాడు. పై శ్రేణిలో మిగిలిన గ్యొక్కో, హంతెంగులు చదివించే కంటే విసిగిస్తారు.

అచ్చు గురించి రెండు ఫిర్యాదులు. మొదటి నాలుగైదు సంపుటాలలో గీత ఇంకా కుదురుకోలేదు, ముఖాలు ఒక్కో గడిలో ఒక్కో తీరుగా కనిపిస్తాయి. యానిమేషన్‌లో యూఫోటేబుల్ సంస్థ నీటి అలలను, జ్వాలలను చూపించిన తీరుకు అలవాటు పడ్డవారికి ఈ పేజీలు వెలవెలబోయినట్లు ఉంటాయి. దీనికి బదులుగా పుస్తకంలో దొరికేది అధ్యాయాల మధ్య రచయిత చేర్చిన చిన్న చిన్న విశేషాలు: ఎవరు ఏమి తింటారు, ఎవరికి ఎవరంటే గిట్టదు వంటివి. చివరి సంపుటంలో పత్రికలో రాని అదనపు పేజీలు కూడా ఉన్నాయి, అవి వదలకూడనివి. రెండో ఫిర్యాదు, రెండు పేజీలకు విస్తరించిన పెద్ద బొమ్మలలో మధ్యభాగం వెన్నుకుట్టులోకి పోవడం. కొకుషిబో చంద్రవంక దెబ్బలున్న చోట ఇది బాగా చికాకు పెడుతుంది.

తలలు తెగడం, రక్తం అడుగడుగునా ఉంటాయి గనుక హైస్కూలు దాటని పిల్లలకు కొనిపెట్టే ముందు పెద్దలు ఒక సంపుటం తిరగేయడం మంచిది. తెలుగు డబ్బింగు సినిమా చూసి కేవలం తరువాతి పోరాటాల కోసం వచ్చేవారు మొత్తం పెట్టెకు డబ్బు పెట్టనక్కరలేదు, 18వ సంపుటం నుంచి విడిగా కొనుక్కుంటే సరిపోతుంది. డోమా అంతం, కొకుషిబో పోరు, ముజాన్ తెల్లవారుజాము అన్నీ ఆ ఆరు పుస్తకాలలోనే ఉన్నాయి. గ్యోమేయికి నేనిచ్చిన నాలుగో స్థానాన్ని కాదనదలచినవారు మాత్రం 19, 20 సంపుటాలు ముందు చదివి రావాలి.