సాలూరు ఘాట్ దిగే పాత మిలిటరీ ట్రక్కుకి ఏ బ్రేక్ ఆయిల్ పొయ్యాలి?

కొరాపుట్, జయపురం, రాయగడ వైపు ఇంకా తిరుగుతున్న జోంగాలకీ (పాత సైన్యం జీపులు) నిస్సాన్ వన్ టన్ ట్రక్కులకీ నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చాలా బండ్లలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) నుంచి లైనూ ఒక్కటే. చక్రం దగ్గరుండే వీల్ సిలిండర్లలో ఒక్కదాని కప్పు (రబ్బరు సీలు) కారిందంటే పెడల్ నేలకి అంటుకుంటుంది, ఆదుకోవడానికి రెండో సర్క్యూట్ ఉండదు. అందుకే ఆయిల్ ఎంపిక దగ్గర పిసినారితనం పనికిరాదు.

బ్రేక్ ఆయిల్ రకాల్ని డాట్ అంకెలతో చెప్తారు. డాట్ 3 ప్రతి స్పేర్ పార్ట్స్ షాపులోనూ దొరుకుతుంది. కొత్త ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు. కానీ అది గాలిలో తేమ లాగుతుంది, 3.7 శాతం నీరు చేరేసరికి 140కి పడిపోతుంది. రిజర్వాయర్ (ఆయిల్ పోసే డబ్బా) మూతకున్న చిన్న రంధ్రం, కొరాపుట్ వానాకాలం, రెండూ చాలు ఆ పని చెయ్యడానికి. లోడుతో సుంకి నుంచి సాలూరు వైపు బ్రేకు మీదే దిగితే డ్రమ్ము వేడి వీల్ సిలిండర్‌కి పాకుతుంది. లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. బండి చల్లారాక మళ్లీ గట్టిగానే ఉంటుంది, అందుకే మెకానిక్‌కి తప్పు దొరకదు.

డాట్ 4 కూడా అదే గ్లైకాల్ జాతి, కొత్తగా 230, తడిసాక 155. డాట్ 3తో కలిసినా గడ్డకట్టదు. ఘాట్ బండికి మా ఓటు దీనికే. బాష్ అయినా, టీవీఎస్ గర్లింగ్ అయినా సీలు తియ్యని సీసా ముఖ్యం. ఏడాదికోసారి, వానలు తగ్గాక, మొత్తం మార్చాలి. ఆయిల్ బండి మీద ఒలికితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

అసలు తికమక డాట్ 5 దగ్గర. అది సిలికోన్, ఊదా రంగు. డాట్ 5.1 మాత్రం గ్లైకాలే, పాత డ్రమ్ములకి దాంతో పెద్ద లాభం లేదు. కొనేటప్పుడు అంకె ఒక్కటే కాదు, సీసా మీద సిలికోన్ బేస్ అని ఉందో లేదో కూడా చదవండి. సిలికోన్ నీరు పీల్చదు, పెయింట్ తినదు. 1980ల ఆరంభంలో అమెరికా సైన్యం తన బండ్లకి ఇదే పోసింది. ఏడాదిలో రెండుసార్లు పరేడ్‌కి తీసే బండికి బంగారమే. రోజూ ఘాట్ ఎక్కే బండికి మాత్రం వద్దంటాం. లోపలికి చేరిన నీరు కలవక పల్లంలో నిలిచి సిలిండర్ గోడని అక్కడే తినేస్తుంది. ఆయిల్‌లో గాలి కరగడం వల్ల పెడల్ కాస్త స్పాంజిలా ఉంటుంది. పైగా గ్లైకాల్‌తో కలవదు. మారాలంటే కప్పులు, హోసులు కొత్తవి వేసి, పైపులన్నీ స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలి. పెట్రోలు, కిరోసిన్ మాత్రం తాకించొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

వేలంలో కొన్న బండిలో ఏముందో తెలియకపోతే ఇలా చూడండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి, బ్లీడర్ (చక్రం దగ్గర గాలి తీసే స్క్రూ) నుంచి తీసిన ఆయిల్ ఒక చెంచా వేసి కలపండి. కలిసిపోతే గ్లైకాల్. ఊదాగా పైన తేలితే సిలికోన్. మరో రంగులో తేలితే ఎవరో ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోసి ఉండొచ్చు, లేదా రంగు మాసిన పాత సిలికోన్ కావచ్చు. రిజర్వాయర్ మూత వాషర్ అప్పడంలా ఉబ్బి ఉంటే ఇక అనుమానమే లేదు: రబ్బరు కిట్లన్నీ మార్చాలి.

కొత్త ఆయిల్ పోశాక పైపుల్లో గాలి తీసేటప్పుడు, స్టీరింగ్ కుడివైపున్న బండిలో వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో రండి. బ్లీడర్‌కి తగిలించిన పారదర్శక పైపు కొస ఆయిల్ ఉన్న సీసాలో మునిగే ఉండాలి. పెడల్‌ని నిదానంగా తొక్కాలి, సిలికోన్‌కైతే మరీ నిదానంగా. పెడల్‌కి అరంగుళం ఫ్రీ ప్లే (పట్టుకోకముందు ఊరికే ఆడే వదులు) లేకపోతే మాస్టర్ సిలిండర్‌లోని చిన్న రంధ్రం మూసుకుపోయి, వేడెక్కాక బ్రేకులు పట్టేస్తాయి. ఆయిల్ అరలీటరు సీసాల్లో కొనండి. సగం వాడి మూసిపెట్టిన సీసా వచ్చే ఏడాదికి దాచొద్దు, గ్యారేజీలో ఎవరైనా ఇచ్చినా పోయించుకోవద్దు.