మిల్లుకో క్లాసు, అన్నిటికీ పైటెస్ట్: చాలాకాలం వాడాక

ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, జయపురం వైపు రైస్ మిల్లులకు తూకం చీటీల సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. ఒక మిల్లు చీటీలా ఇంకోటి ఉండదు. ఒకాయనకి తేమ శాతం కావాలి, ఇంకొకాయనకి గోనె సంచుల తరుగు, మరొకరికి గడుల పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి. ఇన్నిటికీ క్లాసులు (చీటీలో ఏ గడులుండాలో చెప్పే కోడు అచ్చులు) చేత్తో రాస్తూ కూర్చోలేక, గడుల వివరాలున్న జేసన్ ఫైలు చదివి పైథాన్ భాషలోని టైప్ ఫంక్షన్‌తో అప్పటికప్పుడు క్లాసులు పుట్టిస్తాం. గడి విలువ చదివే ఫంక్షన్లు (గెటర్లు), విలువ పెట్టే ఫంక్షన్లు (సెటర్లు) లూపులోనే ప్రాపర్టీలుగా, అంటే గడి పేరు వాడగానే వాటంతటవే పనిచేసేలా, తగులుకుంటాయి.

వీటి టెస్టులకు పైటెస్టే (పైథాన్ కోడుని పరీక్షించే పనిముట్టు) వాడుతున్నాను. దీన్ని వదలకపోవడానికి కారణం అందులోని పారామెట్రైజ్ అనే సదుపాయం. పుట్టిన క్లాసుల జాబితా ఇస్తే చాలు, అదే టెస్టు అన్నిటి మీదా నడుస్తుంది. ఏ మిల్లు క్లాసు ఫెయిలైందో పేరుతో సహా చెబుతుంది. కాకపోతే టైప్‌కి మొదట ఇచ్చే క్లాసు పేరు మిల్లుకొకటి ఉండాలి. అన్నిటికీ ఒకే పేరు పెడితే వెనకాల 0, 1 అంకెలు తగిలిస్తుంది, ఏది ఎవరిదో వెతుక్కోవాలి.

పనిముట్టు ఎంత మంచిదైనా టెస్టు ఎలా రాశామన్నదే అసలు సంగతి. లూపులో పుట్టిన గెటర్లూ సెటర్లూ లూపు వేరియబుల్ విలువని తమని పిలిచినప్పుడు చూస్తాయి, తాము పుట్టినప్పుడు కాదు. కాబట్టి జాగ్రత్త పడకపోతే అన్నీ చివరి గడి మీదే పనిచేస్తాయి. తేమకి 16 పెట్టి, మళ్ళీ తేమ అడిగితే 16 వస్తుంది, టెస్టు పచ్చగా పాసవుతుంది. నిజానికి ఆ 16 వెళ్ళి కూర్చున్నది తరుగులో! సెటరూ గెటరూ ఒకే తప్పు చేస్తే ఒకదాన్ని ఇంకోటి కాపాడుతుంది. అందుకే ముందు అన్ని గడులకీ వేర్వేరు విలువలు పెట్టి, ఆ తర్వాతే అన్నీ చదవాలి. అప్పుడు దొంగ వెంటనే దొరుకుతాడు.

వారసత్వంలోనూ (తల్లి క్లాసులో ఉన్నవి పిల్ల క్లాసుకి రావడం) ఒక మెలిక ఉంది. సర్కారు కొనుగోలులో వడ్లకి తేమ 17 శాతం దాటకూడదు, ఆ తనిఖీ తల్లి క్లాసు సెటర్లో ఉంటుంది. పిల్ల క్లాసులో అదే పేరుతో కొత్త సెటర్ ఫంక్షన్ రాసినా, తల్లి ప్రాపర్టీ పాత ఫంక్షన్నే పట్టుకుని ఉంటుంది. తల్లి క్లాసు మీద మాత్రమే టెస్టు రాస్తే ఇది బయటపడదు. 16, 17, 18 మూడూ ప్రతి పిల్ల క్లాసు మీదా పెట్టి చూడాల్సిందే.

చిరాకులూ ఉన్నాయి. ఒడియా, తెలుగు గడుల పేర్లు టెస్టు పేర్లలోకి వెళ్తే రిపోర్టులో అక్షరాల బదులు కోడ్ నంబర్లు కనిపిస్తాయి. ఆపడానికి సెట్టింగ్ ఉంది గానీ దాని పేరు ఆంజనేయుడి తోకంత. ఎర్రర్ వస్తుందో లేదో చూసే పైటెస్ట్ రైజెస్‌లో ఎర్రర్ మెసేజీని అక్షరం పొల్లుపోకుండా సరిపోల్చడం కూడా మంచిది కాదు. సెటర్ లేని ప్రాపర్టీకి విలువ పెడితే వచ్చే మెసేజీ పైథాన్ 3.11లో మారింది. ఎర్రర్ రకం చూస్తే చాలు.

రెండు మూడు క్లాసులే ఉంటే పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్, అందులో ఒకే టెస్టుని చాలా విలువలతో నడిపే సబ్‌టెస్ట్ సరిపోతాయి. పదికి మించితే మాత్రం నా ఓటు పైటెస్ట్‌కే.