పంపకాల క్రియలను విడమరిచే నిఘంటువు యాప్

ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం తయారైన ఈ నిఘంటువు యాప్‌ను అనువాద పనిలో వాడుతున్నాను. పంచడానికి సంబంధించిన క్రియల తేడాలు చెప్పడంలో దీనికి పూర్తి మార్కులు. 'డివైడ్' అంటే ముఖ్యంగా భాగాలు చేయడం. ఆ భాగాలు పలువురి చేతికి చేరితే 'డిస్ట్రిబ్యూట్'. 'అలొకేట్' నిధులనో సమయాన్నో ఫలానా పనికని కేటాయించడం. 'అపోర్షన్' దామాషా ప్రకారం పంచడం. నిందను ఎవరెవరిపై ఎంత మోపాలో తేల్చేటప్పుడూ ఇదే క్రియ వస్తుందని ఉదాహరణతో చూపారు. 'మీట్ అవుట్' (mete out) పక్కన శిక్ష, 'డిస్పెన్స్' పక్కన మందులు, న్యాయం. ఈ జతలు తెలియకపోతే, అర్థం తెలిసినా వాక్యం కుదరదు. పేకముక్కలు పంచే 'డీల్', కొద్దికొద్దిగా ఇచ్చే 'డోల్ అవుట్' పాత ఇంగ్లీషులో ఒకే కుదురు నుంచి వచ్చాయని చదివి ఎంత సంతోషించానో!

ఉచ్చారణ ఆడియో స్పష్టంగా ఉంది. 'షేర్' దగ్గర మాత్రం నిరాశపరిచారు. తన వాటా ఉంచుకుని ఇవ్వడమా, ఇతరులతో కలిసి వాడుకోవడమా అన్నది వివరించకుండా ఒక్క ముక్కలో ముగించారు. ఆ పేజీని తిరగరాస్తే బడిపిల్లలకు కూడా ధైర్యంగా సిఫారసు చేస్తాను.