పక్షి పేరు పుట్టుక: నిఘంటువు చూడాలా, మూల వర్ణన చదవాలా?

పక్షి శాస్త్రీయ నామం ఎలా వచ్చిందో తెలుసుకోడానికి దారులు రెండు. ఒకటి పక్షినామాల నిఘంటువు, రెండోది ఆ పేరు మొదట అచ్చయిన మూల వర్ణన.

టైము: నిఘంటువుకి రెండు నిమిషాలు. మూల వర్ణనకి ఒక సాయంత్రం, లాటిన్ రాకపోతే ఇంకోటి కూడా.

ఖర్చు: పాత పుస్తకాల స్కాన్లు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితమే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. నవ్వినట్టు కూసే కూకబుర్రా పేరు డసెలో నోవేగినియే. మొదటి మాట అల్సెడో (కింగ్‌ఫిషర్) అక్షరాలు అటూ ఇటూ చేసి పెట్టింది, రెండోది 'న్యూగినీకి చెందిన' అని. అర్థం దొరికింది కదా అని అక్కడే ఆగిపోతే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే ఆ పక్షి ఆస్ట్రేలియాది, న్యూగినీలో ఉండదు. ఫ్రెంచ్ యాత్రికుడు సొనెరా దాన్ని న్యూగినీ పక్షిగా రాయడంతో 1783లో ప్రకృతి శాస్త్రవేత్త హెర్మన్ పెట్టిన పేరులో ఆ తప్పు అలాగే నిలిచిపోయింది. ఇలాంటివి పాత పేజీలు తిరగేస్తేనే బాగా అర్థమవుతాయి.

అలాగని మూల వర్ణనలు అన్నీ విప్పి చెప్పవు, జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతి స్థిరపరిచిన లినేయస్ 1758లో చాలా పక్షులకు రాసింది ఒకటి రెండు పంక్తులే.

ఫొటో కింద అర్థం రాయాలంటే నిఘంటువు చాలు. పేరుకీ పక్షికీ పొంతన కుదరకపోతే మాత్రం మూలానికే వెళ్లండి.