ఎండకూ చలికీ నిలబడిన సీటు సెన్సర్: ఆదిలాబాద్ నుంచి నా అనుభవం

నేను వాడుతున్న కారు మైలేజీ, పికప్, డిక్కీ సైజు గురించి చాలామంది రాసేశారు. నేను రాస్తున్నది ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక్క వస్తువు గురించి. డ్రైవర్ పక్క సీటులో, కవరుకూ ఫోమ్‌కూ మధ్య ఒక పలుచని సెన్సర్ పట్టీ ఉంటుంది. మనిషి కూర్చున్నట్టు అది కనిపెడుతుంది. బెల్టు పెట్టుకోకపోతే ముందు ఎర్ర దీపం వెలుగుతుంది, బండి కదిలాక బజర్ మోగుతుంది. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు ముందు రెండు సీట్లకూ బెల్టు హెచ్చరిక తప్పనిసరి చేశారు కాబట్టి మీ కారులోనూ ఇలాంటిది ఉండే ఉంటుంది. నేను నా కారు 2021లో కొన్నాను. ఇందులో నీకు బాగా నమ్మకమైంది ఏదని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ పట్టీ పేరే ముందు చెబుతాను.

మాది ఆదిలాబాద్. మేలో 44, 45 డిగ్రీలు మాకు మామూలే. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున 6, 5కి పడిపోయిన రోజులూ ఉంటాయి. నా పని ఇంద్రవెల్లి, ఉట్నూరు, నిర్మల్ చుట్టూ. వెళ్లిన చోటల్లా నీడ దొరకదు. మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే స్టీరింగ్ పట్టుకోలేం, లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని, ఆ తర్వాత ఆర్నెల్లకు వచ్చే చలిని ఒకే పట్టీ తట్టుకోవాలి. కాబట్టి చల్లటి ఊళ్లో ఉన్నవాళ్లు రాసే సమీక్షకూ దీనికీ తేడా ఉంటుంది.

ఇందులో పెద్ద యంత్రమేమీ లేదు. రెండు పాలిస్టర్ పొరలు, వాటి లోపలి వైపున వెండి సిరాతో, కార్బన్‌తో అచ్చు వేసిన గీతలు. మధ్యలో రంధ్రాలున్న జిగురు పొర ఒకటి వాటిని తాకనీయకుండా ఆపుతుంది. మనం కూర్చుంటే ఆ రంధ్రాల దగ్గర పై పొర వంగి కింది పొరను తాకుతుంది, కరెంటు దారి కలుస్తుంది. అసలు కష్టం ఉష్ణోగ్రతతోనే. ఆ రంధ్రాల్లో గాలి బయటికి పోయే దారి లేకపోతే, 5 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వెళ్లేసరికి లోపలి పీడనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది. అప్పుడు పొర ఉబ్బి, మనిషి కూర్చున్నా సరిగా తాకదు. అందుకే రంధ్రాలన్నిటినీ సన్నటి గాలి కాలువలతో కలిపి బయటికి వదులుతారు. ఇంకోవైపు వేడికి పొరా ఫోమూ మెత్తబడతాయి కాబట్టి తక్కువ ఒత్తిడికే కలిసిపోయే ప్రమాదం ఉంటుంది. చలిలో రెండూ బిగుసుకుంటాయి, కలవడానికి ఎక్కువ బరువు కావాలి. కారు లోపలి సెన్సర్లను మామూలుగా మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా పరీక్షించేది ఇందుకే. కంటికి కనిపించని ఆ గాలి కాలువ గురించి తెలిసినప్పటి నుంచి, దాన్ని ఆలోచించి పెట్టిన ఇంజనీర్లంటే నాకు నిజంగా గౌరవం.

కొన్న ఏడాది ఏ ఇబ్బందీ లేదు. మరుసటి మేలో మొదలైంది. నిర్మల్‌లో పని చూసుకుని మధ్యాహ్నం ఒక్కణ్నే బయల్దేరాను. పక్క సీటు ఖాళీ, దాని మీద కాగితం ముక్క కూడా లేదు. నలభై నాలుగో నంబర్ హైవే ఎక్కగానే బజర్ మొదలైంది. ఘాట్ రోడ్డులో ఒక పక్క లారీలు, ఇంకో పక్క చెవిలో ఆ మోత. ఏసీ బాగా పెట్టి కాస్త దూరం వచ్చాక దానంతట అదే ఆగిపోయింది. మర్నాడు పొద్దున చూస్తే ఏమీ లేదు. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి తీస్తే మళ్లీ అదే. దాంతో నాకు టెన్షన్ మొదలైంది. ఖాళీ సీటుకు మోగుతున్న సెన్సర్, రేపు మనిషి కూర్చుంటే మోగకుండా ఉంటే?

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే కారును షెడ్డులో, నీడలో ఉంచి, సాయంత్రం 'ప్రాబ్లం రావట్లేదు సార్' అన్నారు. ఎండలో పెట్టి చూడండి అని బతిమాలాను. రెండోసారి వెళ్లినప్పుడు పెట్టారు, మోగింది. సెన్సర్ విడిగా రాదు, కుషన్ మొత్తం మార్చాలన్నారు. ఎస్టిమేట్ చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇంత ఖర్చు దేనికి సార్ అంటూ అక్కడే ఒకతను డ్రాలోంచి చిన్న ఇనుప క్లిప్పు తీసి ఇచ్చాడు. బెల్టు బకిల్‌లో అది దూరిస్తే బజర్ ఎప్పటికీ మోగదట.

ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. బెల్టు పెట్టుకోమని గుర్తుచేసే ఏర్పాటు నోరు నొక్కేయమని కారు బాగుచేసే చోటే చెప్పడమా? ఇలాంటి క్లిప్పులు అమ్ముతున్నందుకు 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ అంగళ్ల మీద ఆదేశాలిచ్చి, పదమూడు వేలకు పైగా లిస్టింగులు తీసేయించింది. బెల్టు లేకపోతే జరిమానా వెయ్యి రూపాయలు. దాని సంగతి వదిలేయండి. గుద్దుకున్నప్పుడు బెల్టు లేని మనిషి ఎదురుగా విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ మీదికి తిన్నగా వెళ్లి పడతాడు. క్లిప్పు ఆయన చేతిలోనే పెట్టి వచ్చేశాను.

తర్వాత మా ఊళ్లోనే కార్ల సీట్లు కుట్టే చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన కంప్యూటర్ ఏదీ తగిలించలేదు. సీటు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తడిమాడు. 'సెన్సర్ మంచిగనే ఉన్నట్టున్నది సార్. ఖోలు గట్టిగ గుంజి కట్టిన్రు' అన్నాడు. కారు డెలివరీ రోజు ఫ్రీ అని షోరూమ్ వాళ్లే తొడిగించి ఇచ్చిన రెగ్జిన్ సీటు కవర్లవి. సీటు సందులోంచి పట్టీలు లాగి కింద హుక్కులకు బిగించారు. పైగా కవరు మధ్యలో మందపాటి మడత కుట్టు ఒకటి సరిగ్గా సెన్సర్ ఉన్న చోటే పడింది. చల్లగా ఉన్నంతసేపు ఆ ఒత్తిడి చాలదు. ఎండకు పొర మెత్తబడగానే అదే ఒత్తిడి సరిపోతోంది.

కవరు ఊడదీసి, కారును అదే ఎండలో తలుపులు మూసి వదిలేశాం. చాచా టీ తెప్పించాడు. తర్వాత వచ్చి బండి ముందుకు తీస్తే బజర్ నోరు మెదపలేదు. నేను పక్క సీట్లోకి మారి, చాచా కొడుకుతో నడిపించాను. రెండు గజాలు కదిలామో లేదో మోగింది, బెల్టు పెట్టగానే ఆగింది. లోపలి వేడికి చెమటలు కారిపోతున్నా ఆ నిమిషం నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చాచా ఆ మడత కుట్టు విప్పి, పక్కలకు గుడ్డ అతికి, కవరు వదులు చేసి ఇచ్చాడు. కుషన్ ఎస్టిమేట్‌తో పోలిస్తే ఆయన తీసుకున్నది చిల్లర డబ్బులే. అప్పటి నుంచి ఏ ఎండాకాలంలోనూ ఖాళీ సీటుకు బజర్ మోగలేదు.

చలికాలం సంగతి మాత్రం అంత తేలిగ్గా చెప్పలేను. మా అమ్మ సన్నటి మనిషి. నడుం నొప్పి వల్ల సీటు మీద బొంత మడిచి వేసుకుని కూర్చుంటుంది. సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, చాలా దూరం పోయాక గానీ నేను గమనించలేదు, ఆమె బెల్టు పెట్టుకోలేదు, బజరూ మోగలేదు. బొంత వల్ల బరువు పరుచుకుపోతుంది. ఆ పైన చలికి ఫోమ్ గడ్డకట్టిన కొబ్బరినూనెలా బిగుసుకుని ఉంటుంది. ఎండలో కారు వెచ్చబడ్డాక అదే అమ్మ, అదే బొంత, అయినా బజర్ మోగింది. బొంత తీసేస్తే చలిలో కూడా పట్టుకుంటోంది. కారుతో వచ్చిన పుస్తకంలో సీటు మీద దిండ్లు, దుప్పట్లు వేయొద్దని ఒక లైను ఉంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నడుం నొప్పి ఉన్న పెద్దావిడకు ఆ లైను చదివి వినిపించలేం కదా. ఇప్పుడు వీపు వెనక చిన్న దిండు పెడుతున్నాం, కింద ఏమీ వేయడం లేదు.

సామాన్లకూ మనుషులకూ తేడా దీనికి తెలుసని మొదట్లో నేను అందరికీ చెప్పేవాణ్ని, కానీ అంత తెలివి దీనికి లేదు. కూరగాయల సంచి పెడితే ఊరుకుంటుంది. బియ్యం బస్తా పెడితే మనిషనుకుని మోగుతుంది. బరువు వెనక్కి మార్చుకోవడమే, నాకు అది పెద్ద పని కాదు.

మా బావమరిది అమెరికాలో మినియాపొలిస్‌లో ఉంటాడు. మైనస్ ఇరవైలలో బండి తీసే ఊరు. అక్కడ ఈ సీటు సెన్సర్ పని వేరు. పక్క సీట్లో చిన్న పిల్లలున్నట్టు తేలితే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకుండా ఆపడమో, మెల్లగా విచ్చుకునేలా చేయడమో చేయాలని అక్కడి నిబంధన. 2003 నుంచి మొదలుపెట్టి 2006 సెప్టెంబర్ నాటికి అన్ని కొత్త కార్లకూ వర్తింపజేశారు. మా చెల్లెలు కూర్చున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఆఫ్ దీపం ఆరిందా లేదా అని వాడు ప్రతిసారీ చూస్తాడు, అది ఆరకపోతే ఆమె వైపు ఎయిర్‌బ్యాగ్ పనిచేయదు కాబట్టి. మన దగ్గర మామూలు కార్లలో ఉండేది అలాంటిది కాదు, నా కారులో ఉన్నది బెల్టు గుర్తుచేసేంత వరకే. సెన్సర్ ఉంది కదా, అదే చూసుకుంటుందిలే అని వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటును ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టొద్దు.

నా మటుకు నాకు ఈ పట్టీ మీద నమ్మకం ఉంది, ముఖ్యంగా మా ఎండల్లో. మా పిల్లలు ఎప్పుడూ వెనకే కూర్చుంటారు, ముందు కూర్చునేది నా భార్యో అమ్మో. సన్నటి మనుషులు ఎక్కువగా ముందు కూర్చునే ఇల్లయితే, చలి ఊరయితే, మీ తీర్పు వేరుగా ఉండొచ్చు. షోరూమ్ వాళ్లు ఫ్రీగా ఇచ్చే సీటు కవర్లు మాత్రం తొడిగించుకునే ముందు, పక్క సీటు కుట్టు ఎక్కడ పడుతుందో చేత్తో తడిమి చూడండి. తొడిగించాక ఒక మధ్యాహ్నం కారును ఎండలో మూసిపెట్టి, ఖాళీ సీటుతో ఒకసారి, మనిషిని కూర్చోబెట్టి బెల్టు లేకుండా ఒకసారి, కాలనీ లోపలే కాస్త దూరం నడిపి చూడండి. తేడా వస్తే ముందు కవరు తీయించండి, కుషన్ మార్చే మాట ఆ తర్వాత.